ఆయన ఒక్క క్వార్టరే అంటాడు, ఆమె మూడంటుంది

ప్రశ్న: సార్, ఎంఏ సైకాలజీ చేసి ఈ మధ్యే ఒంగోలు దగ్గర ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్‌గా చేరాను. పోయిన నెల కొండపి వైపు నుంచి ఒక పొగాకు రైతును తీసుకొచ్చారు. వయసు నలభై దాటింది. వెంట భార్య, బావమరిది వచ్చారు. రెండు రోజులు తాగకుండా ఉంచి తీసుకురమ్మని మా సెంటర్ వాళ్లే ఫోన్‌లో చెప్పారు, అలాగే తెచ్చారు. ఆయనేమో ‘రోజూ ఒక్క క్వార్టరే మేడమ్, అది కూడా ఒళ్లు నొప్పులకి’ అంటాడు. భార్య ‘అంతా అబద్ధం, మూడు తాగుతాడు’ అంటుంది. బావమరిది ‘ఇట్టాంటోళ్లకి సారా కొట్టు మూయించిన దూబగుంట ఆడోళ్లే కరెక్టు, కట్టేసి జాయిన్ చేసుకోండి’ అని ఒకటే కేకలు. తాగుడు ఏ స్థాయిలో ఉందో మార్కుల్లో తేల్చే ‘ఆడిట్’ ఫారం ప్రశ్నలు అందరి ముందే అడిగాను. మొత్తం 9 వచ్చింది. అంత తక్కువ వస్తే డిపెండెన్స్, అంటే తాగుడుకు బానిసయ్యాడని ఎలా అనుకోవాలి? ‘సహకరించడం లేదు, నిజం చెప్పడం లేదు’ అని ఫైల్లో రాశాను. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, చొక్కా మీద చీమలు దులుపుకుంటున్నట్టు చేశాడు. టెన్షన్ అనుకున్నాను. ఆ రాత్రే ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రిలో చేర్చారట. ఇప్పుడు కోలుకున్నాడు, వచ్చే వారం మళ్లీ వస్తానని ఫోన్ చేశాడు. ఇలాంటి క్లయింట్‌ను ఎలా అసెస్ చేయాలి? నిజం ఎలా రాబట్టాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: మీరు నిజం రాబట్టడం గురించి అడిగారు. నేను మాత్రం మీ ఉత్తరంలో ఆ చీమల దగ్గరే ఆగిపోయాను. లేని చీమలను దులుపుకుంటున్న మనిషి ఎదురుగా ఉంటే ఫారం పక్కన పడేసి ముందు ఆసుపత్రికి బండి పిలవాలమ్మా. అది టెన్షన్ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వచ్చే విత్‌డ్రాయల్. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు చేతుల వణుకు, చెమట, గుండెదడ, వికారం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. అంటే తామెక్కడున్నారో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, బీపీ పెరుగుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మీ క్లయింట్ మీ ఎదుట కూర్చున్న గంట సరిగ్గా ఈ లెక్కలోనే ఉంది.

కొత్తగా చేరిన మీరు అది పోల్చుకోలేకపోవడం కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘రెండు రోజులు తాగకుండా ఉంచి తీసుకురండి’ అన్న మీ సెంటర్ మాట. చాలాచోట్ల ఇదే మాట చెబుతారు. నిండా తాగొచ్చిన మనిషితో మాట్లాడలేం, నిజమే. మత్తులో ఉంటే ప్రశ్నలు ఇంకో రోజుకు వాయిదా వేయాల్సిందే. అంతమాత్రాన తాగుడు రెండు రోజుల ముందే ఆపించేసి రమ్మనకూడదు. పొద్దున లేవగానే చేయి వణికేవాళ్లకు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లకు డాక్టర్ చూడకుండా ఉన్నట్టుండి ఆపేయమని కౌన్సెలర్ గానీ, ఫోన్ ఎత్తే మనిషి గానీ చెప్పకూడదు. రోజూ తాగుతాడా, పొద్దున్నే వణుకుతాడా, ఆపినప్పుడు ఫిట్స్ గానీ తిక్కతిక్కగా మాట్లాడటం గానీ ఉందా అని ఫోన్‌లోనే అడగాలి. దేనికైనా అవునంటే ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే మీ గది.

కాబట్టి అసెస్‌మెంట్‌లో మొదటి పది నిమిషాలు మనసు గురించి కాదు, ఒంటి గురించి. చివరిసారి తాగింది ఎప్పుడో గంటతో సహా అడగండి. ‘నిన్న రాత్రి’ అంటే చాలదు. ఇంతకుముందు మానేసినప్పుడు ఏమైందో అడగండి. నిద్రమాత్రలు వాడుతున్నాడా అన్నది తప్పకుండా అడగాలి. ఆల్ప్రాజోలం లాంటివి రోజూ మింగేవాళ్లు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. బండి మీద నుంచి పడ్డాడా, తలకు దెబ్బ తగిలిందా? రక్తం కక్కుకున్నాడా, విరేచనం నల్లగా పోతోందా? కళ్లు పచ్చబడ్డాయా, పొట్ట ఉబ్బిందా? ఇవన్నీ అడుగుతూనే ఆయన చేతులు ముందుకు చాపించి చూడండి. వేళ్లు వణుకుతున్నాయా లేదా అన్నది ఎవరి మాట మీదా ఆధారపడదు. విత్‌డ్రాయల్ తీవ్రతను కొలవడానికి నర్సులు వాడే సీఐడబ్ల్యూఏ స్కేలు ఒకటుంది. పది అంశాలు, గరిష్ఠంగా 67. మామూలుగా 8 లోపు స్వల్పం, 15 దాటితే తీవ్రం అనుకుంటారు. అది నేర్చుకోండి, ఒక మధ్యాహ్నం చాలు. వైద్యం మీరు చేయరు, కానీ ఫోన్‌లో డాక్టర్‌కు ‘వణుకుతున్నాడు సార్’ అని చెప్పడానికీ, అంకెతో చెప్పడానికీ అవతలి స్పందనలో చాలా తేడా ఉంటుంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన ఊళ్లలో తాగి నీరసపడ్డ మనిషికి ముందు జరిగేది ఆరెంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. సరిగా తినకుండా ఏళ్ల తరబడి తాగినవాళ్లలో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, కళ్లు నిలకడగా ఉండకపోవడం, అయోమయం కనిపిస్తే ‘ఇంకా దిగలేదులే’ అనుకొని పడుకోబెట్టేస్తారు. తాగి రెండు రోజులైన మనిషి తూలుతున్నాడంటే అది మత్తు కాదు. ‘ఇక్కడికి రాకముందు బాటిల్ ఎక్కించారా?’ అని ఇంటివాళ్లను అడిగి, ఆ జవాబు డాక్టర్‌కు చేరవేయండి.

ఇక ఆ తొమ్మిది మార్కుల దగ్గరికి వద్దాం. మీ క్లయింట్ అబద్ధం చెప్పాడని మీరు అనుకుంటున్నారు. నేను లెక్క వేసి చూశాను. ఆయన చెప్పిన ‘రోజూ ఒక్క క్వార్టర్’నే నిజమని నమ్మినా 9 రావడానికి వీల్లేదు.

ఎలాగంటే, ఆడిట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నల ఫారం. మొత్తం 40 మార్కులు. అందులో ‘ఒక డ్రింక్’ అంటే పది గ్రాముల ఆల్కహాల్. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 ఎంఎల్ ఒక డ్రింక్. క్వార్టర్ 180 ఎంఎల్, అంటే ఆరు డ్రింకులు. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతమైతే దాదాపు నాలుగు. ఇప్పుడు మొదటి మూడు ప్రశ్నలు చూడండి. ఎన్నిసార్లు తాగుతారు? రోజూ, కాబట్టి 4. తాగిన రోజు ఎన్ని డ్రింకులు? ఆరు, కాబట్టి 2. ఒకేసారి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ డ్రింకులు ఎంత తరచుగా? రోజూ, కాబట్టి 4. మిగతా ఏడు ప్రశ్నలు అడగకముందే పది. బహుశా మీరు ‘ఒక్క క్వార్టర్’ను ఒక డ్రింక్‌గా రాసుకొని, రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ సున్నాలు వేసి ఉంటారు. అదే జరిగితే మొదటి ప్రశ్నకు 4, మిగతా ఏడింటికి 5. మధ్యలో పోయిన ఆరు కలిపితే 15. ఎనిమిది, ఆపైన వస్తేనే హాని చేసే తాగుడు అని లెక్క. ఇరవై, ఆపైన వస్తే డిపెండెన్స్ ఉందేమోనని క్షుణ్ణంగా చూడాలి.

ఇంకో తమాషా. భార్య చెప్పిన మూడు క్వార్టర్లే నిజమైతే రెండో ప్రశ్నకు 2 బదులు 4 వస్తుంది. అంతే, 15 కాస్తా 17 అవుతుంది. ఒకటా మూడా అని మీ గదిలో అంతసేపు జరిగిన పంచాయతీ ఫారంలో తెచ్చే తేడా రెండు మార్కులు. అసలు తేడా ఆ మిగతా ఏడు ప్రశ్నల్లో ఉంది. మొదలుపెట్టాక ఆపలేకపోయారా, పొద్దున్నే ఒక గుక్క వేస్తే గానీ లేవలేని స్థితి ఉందా, తాగాక పశ్చాత్తాపం కలిగిందా, రాత్రి జరిగింది పొద్దున గుర్తులేకుండా పోయిందా అని అడిగేవి అవి. వాటికి భార్య ముందు, అందులోనూ బావమరిది ముందు, మన మగాడెవడూ జవాబు చెప్పడు. ఒంటరిగా కూర్చోబెట్టి మళ్లీ అడగండి. పెద్దాసుపత్రి నుంచి వచ్చాడు కాబట్టి ఈసారి జవాబులు వేరేగా ఉంటాయి, చూడండి.

అలాగని ఎంత తాగుతాడో పట్టించుకోవద్దని కాదు. అడిగే తీరు మార్చాలి. ‘ఎంత తాగుతారు?’ అంటే ఎవరైనా తగ్గించే చెబుతారు, డాక్టర్‌తో ఉప్పు గురించి చెప్పినట్టు. దానికి బదులు నిన్నటి రోజును, లేదా చివరిసారి తాగిన రోజును, పొద్దుటి నుంచి నడిపించండి. ఎన్నింటికి లేచారు? మొదటిది ఎక్కడ పడింది, షాపు దగ్గరా, బెల్టు షాపులోనా, పొలంలోనా? క్వార్టర్ కొన్నారా, ఎవరితోనైనా కలిసి నైంటీ వేసుకున్నారా? డబ్బులు ఎవరు పెట్టారు? ఏ రకం? 2024 అక్టోబరు నుంచి 99 రూపాయల క్వార్టర్ వచ్చింది కాబట్టి, జేబులో నుంచి రోజుకు ఎంత పోతోందో తెలిస్తే సీసాల లెక్క చాలావరకు తేలిపోతుంది. నాటుసారా అయితే డ్రింకుల లెక్క పనికిరాదు, దాని ఘాటు కాచిన ప్రతిసారీ ఒక్కోలా ఉంటుంది. అలా నడిపిస్తే మొగుడూ పెళ్లాల అంకెలు రెండూ నిజమేనని తేలడం నేను చాలాసార్లు చూశాను. ఆయన తన డబ్బుతో కొన్నది మాత్రమే లెక్క వేస్తాడు, ఎవరో పోయించింది లెక్కలోకి రాదు. ఆమె గొడవ జరిగిన రాత్రుల్ని బట్టి చెబుతుంది, మామూలు రోజులు ఆమెకు గుర్తుండవు.

తర్వాత గడిచిన మూడు నెలల క్యాలెండర్ ముందు పెట్టుకోండి. తారీఖులతో అడిగితే ఎవరికీ గుర్తుండదు. పండగలు, పనులు ఆనవాలుగా పెట్టుకుంటే గుర్తొస్తాయి. పొగాకు రైతుకు పనే పెద్ద క్యాలెండర్. ఆకు ఆరబెట్టే బ్యారన్ కాలుస్తున్నప్పుడు రాత్రింబవళ్లు మంట చూసుకోవాలి, వేడి తగ్గినా పెరిగినా ఆకు పాడైపోతుంది. ఆ రాత్రుల్లో బ్యారన్ దగ్గర ఎవరెవరు ఉంటారు, ఏం తాగుతారు? వేలం డబ్బు చేతికొచ్చిన వారం ఎలా గడిచింది? రేటు పడిపోయి బేళ్లు వెనక్కి వచ్చిన రోజో? మీ ఉత్తరంలో ‘ఒళ్లు నొప్పులకి’ అన్న ఆయన మాటను మీరు సాకు అన్నట్టు రాశారు. నేనైతే దాన్ని పట్టుకొని ముందుకు పోతాను. ఏ నొప్పి, ఎప్పటి నుంచి, నొప్పికి మాత్రలు కూడా మింగుతున్నాడా, మందు పడకపోతే నిద్ర పడుతుందా? ఆయన రోజులో మందు ఏ పని చేసిపెడుతోందో తెలియకుండా ‘మానేయండి’ అంటే, మానేశాక ఆ పని ఎవరు చేస్తారో మీ దగ్గర జవాబు ఉండదు. ‘ఎందుకు తాగుతావు?’ అన్నది మాత్రం పోలీసు ప్రశ్న. ‘తాగితే మీకు ఏం కలిసొస్తుంది?’ అనండి. మొహంలోకి ఆశ్చర్యంగా చూసి, తర్వాత చెప్పడం మొదలుపెడతారు.

మన జిల్లాల్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, ఏ ఫారంలోనూ ఉండదు. ‘ఎప్పుడైనా మాల వేసుకున్నారా?’ అయ్యప్ప దీక్ష 41 రోజులు. ఏడాదంతా తాగేవాళ్లు కూడా ఆ మండలం రోజులు సీసా ముట్టరు. కౌన్సెలర్‌కు ఇంతకన్నా మంచి సమాచారం దొరకదు. మాల వేసుకున్న మొదటి మూడు రోజులు ఒళ్లెలా ఉంది? వణుకు, ఫిట్స్ వచ్చాయా? అప్పుడు తేలిగ్గా గడిచి, ఇప్పుడు ఫిట్స్ వస్తున్నాయంటే జబ్బు ముదిరిందని అర్థం. మూడో వారానికి నిద్ర కుదిరిందా? మనసు ఎలా ఉంది? మాల తీసిన ఎన్నో రోజున మళ్లీ మొదలైంది, ఎవరి చేత్తో? దీక్షలో నలభై రోజులు ఉండగలిగిన మనిషిని ‘ఇతని చేత కాదు’ అని ఇంటివాళ్లు అంటున్నప్పుడు మీ దగ్గర ఆధారం ఉంటుంది. క్రైస్తవులైతే ఉపవాస కాలం, ముస్లింలైతే రంజాన్ నెల గురించి అలాగే అడగొచ్చు.

డిప్రెషన్ ఉందో లేదో తేల్చడానికి కూడా ఇదే దారి. తాగుతున్నంతకాలం, ఆపిన కొత్తల్లో దిగులు ఎవరికైనా ఉంటుంది. మానేసి మూడు నాలుగు వారాలైనా దిగులు తగ్గకపోతే, లేదా తాగుడు మొదలవకముందే అది ఉంటే, సైకియాట్రిస్ట్ దాన్ని వేరే జబ్బుగా చూడాలి. కానీ ఆత్మహత్య ఆలోచన గురించి అడగడానికి మాత్రం మూడు వారాలు ఆగకండి, మొదటి రోజే సూటిగా అడగండి. ‘చచ్చిపోదామని అనిపించిందా? ఎలాగని ఆలోచించారా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్లు భయపడతారు. అలా జరగదు. రైతు ఇంట్లో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది. అప్పులు, మత్తు, పురుగుమందు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ డబ్బాలు ఎక్కడున్నాయి, తాళం ఎవరి దగ్గరుంది అన్నది కూడా అసెస్‌మెంటే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి భార్యాభర్తలిద్దరికీ ఇవ్వండి.

మిగతా మత్తుల గురించి ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. బీడీ, ఖైనీ, గుట్కా, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు. ‘ఇంకేమైనా అలవాట్లున్నాయా?’ అంటే ‘లేవు మేడమ్’ అనేస్తారు. ఖైనీని చాలామంది అలవాటుగానే లెక్కించరు. గంజాయి మూత్ర పరీక్ష మీద అతిగా ఆధారపడొద్దు. రోజూ పీల్చేవాళ్లలో ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా పాజిటివ్ వస్తుంది, అందువల్ల నిన్న పీల్చాడా లేదా అన్నది అది చెప్పదు. ఆయనకు చెప్పకుండా పరీక్ష చేయించడం అసలే వద్దు.

రోగ నిర్ధారణ మీ పని కాదు, సైకియాట్రిస్ట్ పని. అయినా దేన్ని వెతకాలో మీకు తెలిసుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10లో డిపెండెన్స్‌కు ఆరు లక్షణాలు చెప్పారు: ఆగలేని కోరిక, మొదలు గానీ మోతాదు గానీ చేతిలో లేకపోవడం, ఆపితే విత్‌డ్రాయల్, ఇదివరకటి కిక్కుకు ఇప్పుడు ఎక్కువ పట్టడం, మిగతా పనులూ సరదాలూ వెనకబడిపోవడం, హాని తెలిసీ కొనసాగించడం. గడిచిన ఏడాదిలో వీటిలో మూడు కలిసి ఉంటే డిపెండెన్స్. అమెరికా సైకియాట్రిస్టుల జాబితా డీఎస్‌ఎం-5 పదకొండు లక్షణాలు ఇచ్చి, రెండు మూడుంటే స్వల్పం, నాలుగైదు అయితే మధ్యస్థం, ఆరు, ఆపైన ఉంటే తీవ్రం అంటుంది. ఈ పేర్లు ఫైల్లో రాయకండి, ఆయన మాటలు రాయండి. ‘బ్యారన్ దగ్గర నైంటీ అనుకొని కూర్చుంటే సీసా అయిపోయేదాకా లేవలేను’ అని రాస్తే చదివే డాక్టర్‌కు ఏ లక్షణమో దానంతటదే తెలుస్తుంది.

ఇప్పుడు భార్య. ఆమెను సాక్షిగా మాత్రమే పిలవకండి, ఆమెతో కూడా విడిగా కూర్చోండి. ఆమెను అడగాల్సినవి రెండున్నాయి, రెండూ ఆయన ముందు అడగలేనివే. ఒకటి, కొడతాడా? పిల్లల మీద చేయి చేసుకుంటాడా? ఈ రాత్రి ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా? భయమంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎలా ఫోన్ చేయాలో, వెళ్లడానికి ఏ బంధువుల ఇల్లుందో ఆమెతో మాట్లాడాకే ఆయన సంగతి.

రెండోది, కూరలో ఏమైనా కలుపుతున్నారా? నవ్వకండి. ‘తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం’ అన్న ప్రకటనలు చూసి పొడులు తెప్పించేవాళ్లు, మందుల షాపులో డైసల్ఫిరామ్ మాత్రలు కొని సాంబారులో కలిపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లు చనిపోవచ్చు కూడా. ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అది తెలిసి, ఒప్పుకొని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మందు. ఆమెను తిట్టకండి. ‘ఎవరు చెప్పారు, ఎప్పటి నుంచి, చివరిసారి ఎప్పుడు?’ అని అడిగి డాక్టర్‌కు చెప్పండి.

ఈ విడి మాటల వల్ల ఒక చిక్కు వస్తుంది. ఆమె చెప్పింది ఆయనకు, ఆయన చెప్పింది ఆమెకు చేరవేయమని ఇద్దరూ అడుగుతారు. అందుకే మొదట్లోనే చెప్పేయండి: మీరు చెప్పింది మీకు తెలియకుండా ఎవరికీ చెప్పను, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే మాత్రం ఆగను. ఇది మర్యాద మాత్రమే కాదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. బావమరిది అడిగిన ‘కట్టేసి చేర్చుకోవడం’ అదే చట్టం ప్రకారం కుదరదు. ఆయన ఒప్పుకోని స్థితిలో చేర్చాలంటే 89వ సెక్షన్ ఉంది. అందులో సైకియాట్రిస్ట్‌తో సహా ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, ప్రాణాపాయం లాంటి తీవ్రమైన కారణాలుండాలి, అదీ 30 రోజుల వరకే. మీ సెంటర్‌కు ఆ అనుమతి, ఆ డాక్టర్లు లేకపోతే ఆ మాట ఎత్తనివ్వకండి.

దూబగుంట పేరు ఎత్తాడు కాబట్టి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రోసమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు, అదంతా చరిత్ర. ఆ ఆడవాళ్లు పోరాడింది సారా వేలంపాటల మీద, కొట్ల మీద. మొగుళ్లను కట్టేసి ఎక్కడో పడేయమని కాదు. బావమరిదికి అక్క బాధ కనిపిస్తోంది, కోపం రావడం సహజం. ఆయన్ని బయట కూర్చోబెట్టి టీ ఇప్పించండి. అసెస్‌మెంట్‌కు ఆయన దగ్గర నుంచి కావాల్సింది ఒక్కటే: అప్పు ఎంతుంది, ఎవరి దగ్గర.

‘సహకరించడం లేదు’ అన్న వాక్యం మీద ఒక గీత గీసి, తారీఖు వేసి, కింద ఆ రోజు మీరు చూసింది రాయండి: వణుకు, చెమట, లేని చీమలు దులుపుకోవడం, చివరిసారి తాగి రెండు రోజులు. చెరిపేయకండి, గీత చాలు. విత్‌డ్రాయల్‌లో ఉన్న మనిషికి అంకెలు సరిగా చెప్పే ఓపికే ఉండదు. పైగా వేరేవాళ్లు లాక్కొస్తే వచ్చిన మనిషి మొదటి రోజే మనసు విప్పాలని ఆశించడం మన అత్యాశ.

మానాలన్న ఉద్దేశం ఎంతుందో తెలుసుకోవడానికి మిల్లర్, రోల్నిక్ అనే ఇద్దరు పేరు తెచ్చిన మోటివేషనల్ ఇంటర్వ్యూ పద్ధతిలో సులువైన ప్రశ్న ఒకటుంది. ‘మానడం మీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి.’ ఆయన నాలుగు అన్నాడనుకోండి. ‘పది ఎందుకు కాదు?’ అంటే మానకపోవడానికి ఉన్న కారణాలన్నీ వరసపెట్టి చెబుతాడు. ‘రెండు ఎందుకు కాదు?’ అని అడగండి. పెద్దాసుపత్రి మంచం, చిన్నకూతురు మాట్లాడకపోవడం, బ్యారన్‌లో పాడైన ఆకు, ఏదో ఒకటి ఆయన నోటి నుంచే వస్తుంది. తర్వాత ‘మానగలనన్న నమ్మకం ఎంత?’ అని ఇంకో అంకె అడగండి. ముఖ్యం ఎనిమిది, నమ్మకం రెండు అన్న మనిషికి తాగుడు వల్ల నష్టాల మీద ఉపన్యాసం ఇస్తే ఆ రెండు కూడా పోతుంది. అలాంటివాళ్లతో మాల రోజుల గురించి మాట్లాడాలి.

వచ్చే వారం ఆయన వచ్చేలోపే ఫోన్ చేసి డిశ్చార్జ్ కాగితం, మాత్రలన్నీ సంచిలో వేసుకొని తెమ్మనండి. విత్‌డ్రాయల్‌కు ఇచ్చే మాత్రలు కొద్దిరోజుల్లో తగ్గించి ఆపేయాల్సినవి. ఇంకా మింగుతున్నాడా, వాటి మీదే మందు కూడా పడుతోందా అన్నది మొదట చూడాలి. ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మధ్యలో మళ్లీ తాగాడో లేదో మామూలుగా అడగండి, తాగానంటే ‘చివరిది ఎప్పుడు?’ అన్న ప్రశ్నతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. లివర్ పరీక్షలు చేయించారో లేదో కాగితంలో చూడండి. ఒకటే రోజులో అన్నీ అడగాలని చూడకండి. మొదటి సిటింగ్‌లో ఒంటి సంగతి, ఆడిట్, ఆత్మహత్య ప్రశ్న, భార్యతో పావుగంట అయితే చాలు. క్యాలెండర్, మాల, అప్పులు రెండో సిటింగ్‌కు పెట్టుకోండి. ఆ తారీఖు మాత్రం వేలం రోజు కాకుండా చూసి వేయండి, వేలం ఉంటే ఆయన రాడు.